పాఠశాలలలో మందు: పొరుగు సీమల తెలుగుబిడ్డలను గూర్చిన చారిత్రక పరిశీలనము

చదువు చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము, మందిచ్చుట వైద్యుని ధర్మము అని లోకమున వాడుక. కాని గత రెండు శతాబ్దుల చరిత్రను పరిశీలించినచో ఈ విభాగము ఎన్నడును కచ్చితముగ నిలువలేదని తేలును. మశూచి టీకా మొదలు నేటి ఇనుము మాత్ర వరకు పిల్లలకు చేరవలసిన మందు పెక్కుమార్లు బడి గుమ్మము గుండనే చేరినది. తమిళనాడు, కర్ణాటకము, ఒడిస్సా, మహారాష్ట్రము, యానాములందు తరతరాలుగా నివసించుచున్న తెలుగువారి బిడ్డలకు ఈ కథలో మరియొక చిక్కు కలదు. మందు పెట్టెపై అచ్చయిన భాష ఒకటి, బడినుండి ఇంటికి వచ్చు చీటిలోని భాష వేరొకటి, తల్లి మాటాడు భాష ఇంకొకటి. ఈ మూటి నడుమ బిడ్డ క్షేమము చిక్కుపడి యున్నది.

నేడు బడులలో పాటింపబడు జాగ్రత్తలలో ఏదియు ఊరక పుట్టినది కాదు. ఒక్కొక్క నియమము వెనుక ఒక అనుభవమో, ఒక వివాదమో, ఒక విషాదమో కలదు. వానిని వరుసగా పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మశూచి టీకా – భాష యొక్క బలము

1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక అన్నా డస్టాల్‌కు వేసిన టీకా భారతదేశమున ఫలించిన తొలి గోమసూరి టీకాగా చరిత్ర కెక్కినది. ఆ బిడ్డ చేతిపై లేచిన బొబ్బ రసమే చేతినుండి చేతికి, ఊరినుండి ఊరికి సాగి మద్రాసు మున్నగు చోట్లకు చేరినది. అనగా ఆనాడు మందును మోసిన పాత్రలు పసిపిల్లల చేతులే. ఈ పద్ధతిలో ఒకరి రోగము మరియొకరికి సోకు ప్రమాద ముండెను. కాలక్రమమున దూడలనుండి తీసిన రసము వాడుకలోనికి వచ్చినది. 1899లో మద్రాసు గిండీలో స్థాపింపబడిన కింగ్ సంస్థ ఈ రసమును తయారుచేయుటలో ప్రసిద్ధి కెక్కెను.

మైసూరు రాణులను చూపు ఒక చిత్రము 1805 ప్రాంతమున థామస్ హికీ అను చిత్రకారునిచే రచింపబడినది. అందొక రాణి టీకా వేసిన తావును చూపుచున్నదనియు, ఆ చిత్రము టీకా ప్రచారమునకు ఉద్దేశింపబడినదనియు ఇటీవలి చరిత్రకారులు కొందరు అభిప్రాయపడిరి.

తెలుగువారికి మిక్కిలి ఆసక్తి కలిగించు విషయము మరియొకటి కలదు. ద్రావిడ భాషల బంధుత్వమును 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో తొలుత నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొరయే మశూచి టీకాను ప్రజలకు నచ్చజెప్పుటకై తమిళమున ఒక రచనను కూర్చెను. అందు అమ్మవారు ధన్వంతరికి గోమసూరి మహిమను బోధించును. మశూచిని అమ్మవారి రాకగా భావించు జనమునకు ఆ అమ్మవారి నోటనే మాట పలికించుట అతని యుక్తి. అయినను ఆ రచనకు ప్రాచీన గ్రంథచ్ఛాయ కల్పించుటను నేటి పండితులు మోసముగనే ఎంచుచున్నారు. ఈ ఉదంతమున రెండు పాఠములు కలవు. ప్రజల భాషలో చెప్పని వైద్యము ప్రజలకు చేరదు. ప్రజల భాషలోనే చెప్పినను సత్యమును దాచినచో ఆ నమ్మకము నిలువదు.

సీసా మీది సంఖ్య

1896లో బొంబాయిలో మహామారి ప్రబలినది. తెలంగాణమునుండి పనులకై వలసపోయిన కామాఠీల పేరు మీద వెలసిన కామాఠీపుర ఆ నగరముననే కలదు. ఆ రోజులలో వాల్డెమార్ హాఫ్‌కిన్ మహామారికి టీకామందును కనుగొని, 1897 జనవరి 10న దానిని ముందుగా తన శరీరముననే పరీక్షించుకొనెను. ఇతరుల బిడ్డలకు ఇచ్చుటకు ముందు తానే పుచ్చుకొనుట ఆనాటి శాస్త్రజ్ఞుని నిజాయితీకి గుర్తు.

కాని 1902లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున ఆ టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. వారందరును ఒకే సీసాలోని మందును పొందినవారు. ఆ సీసాకు సంఖ్య యుండుటచేతనే ఈ సంగతి బయల్పడినది. నింద హాఫ్‌కిన్ మీద పడి అతని ఉద్యోగము పోయెను. సీసాను తెరచునపుడు గ్రామముననే జరిగిన అశుచి మూలమున ధనుర్వాత క్రిమి అందు చేరియుండవచ్చునని పిదప పలువురు శాస్త్రజ్ఞులు వాదించిరి. అతని పక్షమున నిలిచినవారిలో, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమయందు మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ ముఖ్యుడు. 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని తేలినది. బొంబాయిలోని పరిశోధనాలయమునకు 1925లో అతని పేరు పెట్టబడినది.

నేటి మందు పట్టీల మీద చిన్న అక్షరములతో తయారీ సంఖ్యయు, తయారైన తేదీయు, గడువు తేదీయు కానవచ్చును. పలువు రీ సంఖ్యను లక్ష్యపెట్టరు. కాని బడిలో ఒక దినమున నూరుమంది పిల్లలకు మాత్రలు పంచి, అందు పదిమందికి వాంతులైనపుడు, ఆ పదిమందియు ఒకే పెట్టెలోని మాత్రలు మింగినవారా కాదా అన్న ప్రశ్నకు ఆ సంఖ్య ఒక్కటియే సమాధానము చెప్పగలదు. ఆ సంఖ్యను పుస్తకమున వ్రాసికొనని బడి, ముల్కోవాల్ నేర్పిన పాఠమును మరచిన బడి యగును.

పైస పొట్లము, రంగుల పట్టీ

గంజాము, కోరాపుట్టు సీమలలోని తెలుగువారికి చలిజ్వరము తరతరాల శత్రువు. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగ ఏర్పడు వరకు ఆ ప్రాంతములలో పెక్కు భాగము మద్రాసు రాజధానిలోనిదే. చలిజ్వరమునకు మందైన కునైనును నీలగిరులందలి నడువట్టములో ప్రభుత్వ కర్మాగారమున తయారుచేసెడివారు. 1892లో వంగదేశమున తపాలా కార్యాలయముల ద్వారా పైస కొక పొట్లము చొప్పున కునైను అమ్ముట ఆరంభమైనది. ఆ పొట్లములో ఒక మోతాదుకు సరిపడునంత మందును తూచి కట్టెడివారు. తూనిక యెరుగని పల్లెవాడు కూడ ఎక్కువతక్కువలు లేక మందు పుచ్చుకొనుటకు అది మార్గమాయెను. మోతాదును ముందుగనే విడదీసి యుంచుట అను నియమమునకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటి.

ఈ పద్ధతికి తరువాతి మెట్టు మన కాలమున కానవచ్చును. మలేరియాకు ఇచ్చు కూటమి మందుల పట్టీలు వయస్సును బట్టి వేరువేరు రంగులలో తయారగుచున్నవి. 1 మొదలు 4 ఏండ్ల బిడ్డకు పసుపు, 5 మొదలు 8 ఏండ్లవారికి ఆకుపచ్చ, 9 మొదలు 14 ఏండ్లవారికి ఎరుపు. అక్షరము రానివారికిని రంగు తెలియును. ఏ భాషవారికైనను రంగు ఒక్కటియే. 2017లో ఒడిస్సా ప్రభుత్వము దుర్గమ ప్రాంతములకై ఆరంభించిన దమన్ కార్యక్రమమున ఊరివారి నందరిని, జ్వరము లేనివారిని సైతము, పరీక్షించి రోగము తేలినవారికి మందిచ్చు పద్ధతిని అనుసరించిరి. కోరాపుట్టు, రాయగడ, మల్కనగిరి జిల్లాల కొండ పల్లెలు ఇందు చేరినవి.

రంగు సమస్తమును చెప్పలేదు. రక్తమున జీ6పీడీ అను పదార్థము కొరవడిన బిడ్డకు ప్రైమాక్విన్ మాత్ర హాని చేయును. ఒకరికి అమృతమైనది మరియొకరికి విషము కావచ్చును. కనుకనే మందిచ్చుటకు ముందు, ఈ బిడ్డకు పూర్వము ఏ మందైనను పడకపోయినదా, ప్రస్తుతము వేరొక మందేదైన వాడుచున్నాడా అని తల్లి నడుగుట అవసరము. ఆ ప్రశ్న తల్లికి అర్థమగు భాషలో నుండవలెను.

తల్లిదండ్రుల సమ్మతి

1948 ఆగస్టులో మదనపల్లె ప్రాంతమున క్షయ నివారణకై బి.సి.జి. టీకా ప్రయోగము ఆరంభమైనది. క్షయ చికిత్సకు పేరుపొందిన ఆరోగ్యవరము అచటనే కలదు. ఆ సంవత్సరమే గిండీలో బి.సి.జి. టీకామందు ప్రయోగశాల నెలకొల్పబడినది. 1949లో ఈ టీకా దేశమునందలి పెక్కు రాష్ట్రముల పాఠశాలలకు వ్యాపించినది. 1951లో సామూహిక ఉద్యమముగ మారినది. ముందుగ ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసి, దానికి చర్మము స్పందింపనివారికి మాత్రమే టీకా వేయుట ఆనాటి పద్ధతి.

మద్రాసు రాష్ట్రమున దీనికి తీవ్రమైన ఆక్షేపణ లేచినది. ఏ.వి. రామన్ పత్రికాముఖమున విమర్శలు సాగించెను. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు తామీ టీకాను ఎందులకు వ్యతిరేకించుచున్నారో వివరించుచు ఒక పుస్తకమునే ప్రకటించిరి. కేంద్ర ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృత కౌర్ ఉద్యమమును సమర్థించిరి. శాస్త్ర విషయమున ఆక్షేపకుల వాదము లన్నియు నిలిచినవని చెప్పజాలము. ఆరోగ్యవంతులైన బిడ్డలకు మందిచ్చునపుడు తల్లిదండ్రులకు ముందుగ తెలియజెప్పవలదా అను ప్రశ్నకు మాత్రము కాలము చెల్లలేదు.

ఈ కథకు కొసమెరుపు చెంగల్పట్టు జిల్లాలో కలదు. తెలుగువారు అనాదిగ నివసించు తిరువళ్లూరు ప్రాంతమున 1968లో బి.సి.జి.ని గూర్చి విశాలమైన పరీక్ష ఆరంభమైనది. 1979లో వెలువడిన ఫలితములు, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అచట అడ్డుకొనలేదని చూపినవి. పసిపిల్లలకు వచ్చు తీవ్రమైన క్షయనుండి కాపాడునని అన్యత్ర తేలుటచేత నేడు దానిని పుట్టిన వెంటనే వేయుచున్నారు. శాస్త్రము తన తప్పును తానే దిద్దుకొనును. అందుచేత బడిలో నిచ్చు మందును గూర్చి ప్రశ్నించు తల్లిని అజ్ఞానురాలని తూలనాడుట తగదు.

2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమము కర్ణాటకము, తమిళనాడు, పుదుచ్చేరి మున్నగు చోట్ల తొలి విడతగా ఆరంభమైనది. 9 మాసములు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలందరికిని, ముఖ్యముగ బడులలో, టీకా వేసిరి. తమిళనాట చేతిఫోనుల ద్వారా వదంతులు వ్యాపించి తల్లిదండ్రులు జంకిరి. అందుచే గడువును పొడిగింపవలసి వచ్చినది. సరియైన మాట ముందుగ చేరని చోట తప్పుడు మాట ముందుగ చేరును.

కన్నులెదుట మింగుట

మద్రాసు చేట్‌పట్టులో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. 1959లో వెలువడిన దాని నివేదిక ప్రపంచ వైద్యమునే మార్చినది. పేదల ఇరుకు ఇండ్లలో నుండి మందు పుచ్చుకొన్న రోగులకును, ఆరోగ్యాలయమున చేరిన రోగులకును ఫలితము ఇంచుమించు సమానమని తేలెను. అయితే ఇంటివద్ద మాత్రలు సక్రమముగ మింగుచున్నారా అన్న సందేహము ఉండనే యుండెను. పరిశోధకులు హెచ్చరిక లేక ఇంటికి పోయి మాత్రలు లెక్కించిరి. మూత్ర పరీక్షలు చేసిరి. పిదప, ఆరోగ్య కార్యకర్త కన్నులెదుటనే రోగి మందు మింగు పద్ధతి అచట రూపొందినది. తరువాత అది దేశదేశముల వ్యాపించినది.

బడిలో మాత్ర నిచ్చి ఇంటివద్ద వేసికొమ్మని పంపరాదు, ఉపాధ్యాయుని ఎదుటనే మింగవలెను అను నియమమునకు ఈ మద్రాసు అనుభవము బలము చేకూర్చును. జేబులో వేసికొని పోయిన మాత్ర ఇంటివద్ద చంటిబిడ్డ చేతికి చిక్కవచ్చును. రెండు వారముల మాత్రలు కూడబెట్టి ఒకేమారు మింగు పిల్లవాడును ఉండవచ్చును.

అన్నము పిదప మందు

మద్రాసు నగరపాలక సంఘ పాఠశాలలో మధ్యాహ్న భోజనము 1920లో ఆరంభమైనది. అపుడు సంఘాధ్యక్షుడు తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు. వేయిదీపముల పేటలోని బడి ఆ సత్కార్యమునకు తొలి నెలవు. ఆ పద్ధతి 1950లలో కామరాజు నాడారు కాలమునను, 1982లో ఎం.జి. రామచంద్రన్ కాలమునను రాష్ట్రమంతట విస్తరించినది.

ఈ అన్నపు పంక్తికిని మందునకును దగ్గరి సంబంధము కలదు. బాలబాలికల రక్తహీనతను పోగొట్టుటకై వారమున కొకమారు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర నిచ్చు జాతీయ పథకము 2012 ప్రాంతమున ఏర్పడినది. ఎదిగిన పిల్లలకు నీలి మాత్ర, చిన్న తరగతులవారికి గులాబి మాత్ర. దానిని ఖాళీ కడుపుతో మింగినచో వికారము, కడుపునొప్పి కలుగును. అందుచేత మధ్యాహ్న భోజనానంతరమే ఈయవలెనని నియమము. నులిపురుగుల నివారణకై 2015 ఫిబ్రవరి 10న ఆరంభమైన జాతీయ దినమున ఇచ్చు ఆల్బెండజోల్ మాత్ర 400 మిల్లీగ్రాములది. దానిని నమిలి మింగవలెను. 1 నుండి 2 ఏండ్ల లోపు బిడ్డలకు సగము మాత్ర చాలును. ఆ దినమున జ్వరముతోనో మరియే రుగ్మతతోనో ఉన్న బిడ్డకు ఈయక, కోలుకొన్న పిదప ఇచ్చుటకై మరియొక దినమును కేటాయించిరి. 2004 మొదలు బోదకాలు నివారణకై ఊరివారి కందరికిని ఇచ్చు డి.ఇ.సి. మాత్రలకును ఇట్టి నియమములే. రెండేండ్ల లోపువారికి, గర్భిణులకు, తీవ్ర రోగులకు ఈయరాదు. ఖాళీ కడుపుతో మింగరాదు. ఈ వ్యాధిని గూర్చి 1975లో పుదుచ్చేరిలో నెలకొన్న పరిశోధన కేంద్రము చేసిన కృషి యానాము వంటి తావులవారికి స్మరణీయము.

తాళము లేని బీరువా

2023 మార్చిలో నీలగిరి జిల్లా ఉదకమండలమున ఒక పురపాలక పాఠశాలలో కొందరు బాలికలు ఇనుము మాత్రలను పోటీపడి అధిక సంఖ్యలో మింగిరి. వారిలో 8వ తరగతి బాలిక యొకతె మరణించినది. రక్తమును వృద్ధిచేయు మాత్రయే మితి మీరినపుడు కాలేయమును చెరచి ప్రాణము తీసినది.

ఆ బాలికలు మందును మిఠాయివలె భావించిరి. బలము మాత్ర అని మాత్రమే చెప్పి, ఎక్కువైనచో హాని యని చెప్పకపోయినచో ఏ బడి పిల్లలైనను అట్లే భావింపవచ్చును. మాత్రల పెట్టె పిల్లలకు అందుబాటులో నుండరాదు. బీరువాకు తాళ ముండవలెను. తాళపుచెవి ఒక్క బాధ్యుని యొద్ద నుండవలెను. వచ్చినవెన్ని, పంచినవెన్ని, మిగిలినవెన్ని అను లెక్క ఆనాడే తేలవలెను. లెక్క తప్పిన దినమున మూడవ బల్లమీది పిల్లవాని జేబు వెదకుటకు వ్యవధి యుండును. మరునాటికి ఆ వ్యవధి యుండదు.

చీటి ఏ భాషలో?

ఇన్ని నియమములును కాగితముపై నున్నవి. అవి తెలుగు తల్లికి చేరుచున్నవా అనునదే తుది ప్రశ్న.

ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తమున 40 మంది గాని అల్పసంఖ్యాక భాషా విద్యార్థులున్నచో వారి మాతృభాషలో బోధింపవలెనని 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరినది. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగు వసతులు కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని అది నిర్దేశించుచున్నది. జనాభాలో 15 శాతమునకు తక్కువ గాకుండ ఒక భాషవారున్న ప్రాంతములందు ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోను వెలువడవలెనని 1956 నాటి రక్షణల పత్రము సూచించినది. మందును గూర్చిన చీటి కంటె ముఖ్యమైన ప్రకటన ఏది కలదు?

అయితే హక్కును గూర్చి మాటాడుచునే వాస్తవమును గమనింపవలెను. తమిళనాట 2006 నాటి చట్టము మూలమున తమిళము బడులలో నిర్బంధ పాఠ్యమైనది. ఇంట తెలుగు మాటాడుచు, తెలుగు చదువజాలని తల్లిదండ్రుల సంఖ్య తక్కువ కాదు. వారికి తెలుగు లిపిలో వ్రాసిన చీటి పంపుటయు చాలదు. తమిళ లిపిలో గల చీటియు కొందరికి కొరుకుడుపడదు. కావున చీటి రెండు భాషలలో నుండి, తల్లుల సమావేశమున ఒకమారు పైకి చదివి వినిపింపబడవలెను. ఆ తల్లి వాడు తెలుగులోనే చెప్పవలెను. హోసూరు తల్లి మాట, బరంపురము తల్లి మాట, షోలాపురపు పద్మశాలి తల్లి మాట ఒకటి కావు. ‘దుష్ప్రభావము’ అన్నచో తెలియని తల్లికి ‘ఈ మాత్ర వేసికొన్న పిదప కడుపులో తిప్పవచ్చును, మరునాడు మలము నల్లగ రావచ్చును, భయపడవలదు, వాంతులు ఆగకున్నచో వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను’ అన్నచో తెలియును.

ఈ విషయమున తెలుగు సంఘములు చేయదగిన పని పెద్ద వ్యయముతో కూడినది కాదు. ప్రతి బడికి ఒక పుటలో సరిపోవు తెలుగు చీటి నమూనా సిద్ధపరుపవచ్చును. అందు మందు పేరు, అది ఎందులకు, ఎంత, ఎప్పుడు, ఎవరికి ఈయరాదు, ఏ లక్షణము కనబడినచో ఎచటికి పోవలెను అను ఆరు సంగతులుండిన చాలును. క్రింద తల్లి సంతకమునకో వ్రేలిముద్రకో చోటు. బిడ్డకు ఇంటివద్ద వైద్యుడు వ్రాసిన మందు బడిలో ఈయవలసి వచ్చినపుడు, ఆ వైద్యుని చీటియు, పేరు వ్రాసిన అసలు పెట్టెయు లేనిదే పుచ్చుకొనరాదను నియమమును అందే చేర్చవచ్చును.

1802లో చేతినుండి చేతికి సాగిన మందు, నేడు చేతినుండి చేతికే సాగుచున్నది. మధ్యనున్న చేయి ఉపాధ్యాయునిది. ఎల్లిస్ దొర రెండు శతాబ్దుల క్రింద ప్రజల భాషను వెదకుకొనుచు పోయినాడు. మన బిడ్డల విషయమున ఆ భాష మన యింటనే కలదు. దానిని మందు చీటి మీదికి తెచ్చుట మాత్రమే మిగిలియున్నది.